గొంతు వణికిన సంగతి ఎవరికి తెలుసు?

పోయిన ఏడాది మాక్లూర్‌లో ఒక సారు రిటైర్మెంటు సభ జరిగింది. మా అన్న కొడుకుకు లెక్కలు చెప్పిన సారు ఆయన. పిల్లల తరఫున నాలుగు మాటలు చెప్పమని వాణ్ణి పిలిచారు. పోయి, మైకు ముందు నిలబడి, మూడు నిమిషాలు మాట్లాడి, సారుకు శాలువా కప్పి దిగివచ్చాడు. నేను మూడో వరసలో కూర్చున్నాను. నాకు బాగానే అనిపించింది. సాయంత్రం ఇంటికి వచ్చి చూస్తే వాడు ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు.

"పరువు పాయె కాకా."

"ఎందుకు పాయె?"

"మాట తడబడ్డది. కాళ్లు గజగజ వణికినయి. అందరు నవ్వుకున్నరు."

"ఎవలు నవ్విన్రు?"

"అందరు."

నేను నవ్వలేదు. నా పక్కన కూర్చున్నాయనా నవ్వలేదు, ఆయన సగంసేపు ఫోన్ చూసుకుంటున్నాడు. ఈ మాట చెబితే వాడు నమ్మలేదు. పైగా ఇంకో మాట చెప్పాడు. నెల తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది, అందులో పదిమంది ముందు మాట్లాడాలి, కాబట్టి తను పోవడం లేదు. "ఇయ్యాల జూశినవ్ గదా" అన్నాడు. నేను చూసిందొకటి, వాడు చూసిందొకటి. ఒకే సభ, ఒకే మూడు నిమిషాలు.

ఈ తేడా ఎక్కణ్ణించి వస్తుందన్న ప్రశ్న కొత్తది కాదు. దానికి ఒక చరిత్ర ఉంది. అందులో కొంత ఇంగ్లాండులో జరిగింది, కొంత మన హైదరాబాద్‌లో, నిజామాబాద్‌లో జరిగింది. రెండూ కలిపి చూస్తే తప్ప మావాడికి నేను ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

*

మొదట డార్విన్ చెప్పిన ఒక ముచ్చట. జీవపరిణామం గురించి రాసిన ఆ డార్వినే 1872లో మనుషులూ జంతువులూ భావాలను ఎట్లా బయటపెడతాయన్న దాని మీద ఒక పుస్తకం వేశాడు. అందులో సిగ్గు గురించీ, ముఖం ఎర్రబడటం గురించీ ఒక అధ్యాయం ఉంది. మహా బిడియస్థుడైన ఒక మనిషికి స్నేహితులు చిన్న విందు ఇచ్చారట. కృతజ్ఞతలు చెప్పడానికి ఆయన లేచాడు. బట్టీపట్టిన ఉపన్యాసమంతా చేతులు ఊపుతూ, హావభావాలతో చెప్పాడు. కాని నోట్లోంచి ఒక్క శబ్దమూ రాలేదు. సంగతి కనిపెట్టిన స్నేహితులు ఆయన ఆగినప్పుడల్లా చప్పట్లు కొట్టారు. ఆయన కూర్చున్నాక, ఇవాళ చాలా బాగా మాట్లాడానని సంతోషపడ్డాడట.

ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగింది. ఎందుకంటే ఇది మావాడి కథే, తలకిందులుగా. వీడు మాట్లాడి మాట్లాడలేదనుకున్నాడు, ఆయన మాట్లాడకుండానే మాట్లాడాననుకున్నాడు. ఇద్దరూ తీర్పు చెప్పింది లోపలి నుంచే. బయట ఏం జరిగిందో చూసే కన్ను ఇద్దరికీ ఆ సమయంలో మూసుకుపోయింది. బిడియానికి మూలం మనిషి ధ్యాస తన మీదికే తిరగడంలో ఉందని డార్విన్ వాదించాడు. తర్వాత వందేళ్లకు వచ్చిన పరిశోధకులు ఆ మాట చుట్టే తిరిగారు.

రెండో ముచ్చట అందరికీ తెలిసిన మనిషిది. గాంధీ లండన్‌లో బారిస్టరు చదివేటప్పుడు అక్కడి శాకాహారుల సంఘం కార్యవర్గంలో ఉండేవాడు. సమావేశాల్లో నోరు విప్పేవాడు కాదు. ఒకసారి కాగితం మీద రాసుకుపోయి కూడా చదవలేకపోతే వేరే ఆయన చదివి పెట్టాడు. 1891 జూన్‌లో ఇండియాకు తిరిగి వచ్చే ముందు హోబర్న్ రెస్టారెంటులో మిత్రులకు విందు ఇచ్చాడు. ఆ రాత్రి సంగతి తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఎంతో ఆలోచించి నాలుగు వాక్యాలు సిద్ధం చేసుకున్నానని, మొదటి వాక్యం దాటలేకపోయానని, చెప్పాలనుకున్న చమత్కారం తనకే ఎదురు తిరిగిందని, వచ్చినందుకు థాంక్స్ చెప్పి కూలబడ్డానని. ఇది రాసేనాటికి ఆ విందు జరిగి ముప్పై ఏళ్లు దాటింది. అప్పటికే ఆయన లక్షల మంది ముందు మాట్లాడుతున్న నాయకుడు. అయినా ఆ రాత్రి ఓటమి అట్లాగే ఉండిపోయింది.

అయితే ఆ విందుకు ఇంకో సాక్ష్యం ఉంది. రెండు రోజుల తర్వాత, జూన్ 13న, శాకాహారుల పత్రిక 'ది వెజిటేరియన్' ఆ విందు గురించి రాసింది. గాంధీ కొంచెం బెదురుగా మాట్లాడినా చాలా హుందాగా మాట్లాడాడన్నది ఆ పత్రిక అభిప్రాయం. ఆయన ఏమేం చెప్పాడో కూడా వరసగా ఇచ్చింది. వచ్చినవాళ్లకు కృతజ్ఞతలు చెప్పాడు. ఇంగ్లాండులో మాంసం మానేసే అలవాటు పెరుగుతున్నందుకు సంతోషం అన్నాడు. సంఘంతో తనకు పరిచయం ఎట్లా కలిగిందో వివరించాడు. ఓల్డ్‌ఫీల్డ్‌కు తను ఎంత రుణపడి ఉన్నాడో మనసుకు హత్తుకునేట్టు చెప్పాడు.

ఒక్క వాక్యం దాటని మనిషి ఇన్ని సంగతులు ఎట్లా చెప్పాడు? పత్రిక స్నేహితులదే, కొంత మెచ్చుకోలు కలిపి ఉండొచ్చు. కాని అది బెదురును దాచలేదు. బెదురూ కనిపించింది, మాట బాగానూ ఉంది. చూసినవాళ్లకు ఈ రెండూ పక్కపక్కనే ఉండగలిగాయి. గాంధీ జ్ఞాపకంలో మాత్రం బెదురు మాటను మొత్తంగా మింగేసింది.

*

గాంధీ విందుకు సరిగ్గా నూట ఒక్క ఏళ్ల తర్వాత, 1992లో, రొనాల్డ్ రేపీ, లిన్ లిమ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే పోలికను పద్ధతిగా చేసి చూశారు. అప్పటికి ఈ బాధకు వైద్యంలో పేరు వచ్చింది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో వేసిన రోగాల పట్టికలో 'సోషల్ ఫోబియా' అని చేర్చారు. నలుగురిలో పడటానికి తీవ్రంగా జంకేవాళ్లను 28 మందిని, మామూలు వాళ్లను 33 మందిని తీసుకుని, చిన్న గుంపు ముందు కొద్దిసేపు మాట్లాడించారు. తర్వాత మాట్లాడినవాళ్ల చేతా, విన్నవాళ్ల చేతా మార్కులు వేయించారు.

గొంతు స్పష్టంగా ఉందా, ముఖాలు చూసి మాట్లాడారా, ఆగి ఆగి మాట్లాడారా, ఇట్లా విడివిడిగా అడిగినప్పుడు మాట్లాడినవాళ్ల మార్కులకూ విన్నవాళ్ల మార్కులకూ పెద్ద తేడా రాలేదు. మొత్తమ్మీద ఎట్లా మాట్లాడారు అని అడిగినప్పుడే తేడా వచ్చింది. అందరూ తమకు తాము తక్కువే వేసుకున్నారు, జంకు ఉన్నవాళ్లు ఇంకా తక్కువ వేసుకున్నారు.

ఈ ఒక్క ఫలితం నాకు చాలా చెప్పింది. అంటే జంకేవాడు గుడ్డివాడు కాదు. తను ఏ మాట దగ్గర ఆగాడో వాడికి తెలుసు, ఎక్కడ తడబడ్డాడో తెలుసు. లెక్కలన్నీ సరిగ్గానే రాసుకుంటాడు, కింద మొత్తం కూడేటప్పుడు తప్పుతాడు. ఎందుకు తప్పుతాడంటే, ఆ కూడికలో బయటివాళ్లకు కనపడని అంకె ఒకటి కలుపుతాడు. గుండె దడ, అరచేతుల చెమట, ఎండిన నోరు. ఇవన్నీ తనకు ఎంత గట్టిగా వినిపిస్తున్నాయో ఎదుటివాళ్లకూ అంతే వినిపించాయనుకుంటాడు. లోపలి వణుకును బట్టి తన బొమ్మ గీసుకుని, ఆ బొమ్మనే జనం చూశారని నమ్ముతాడు. డేవిడ్ క్లార్క్, ఆడ్రియన్ వెల్స్ 1995లో ఈ వివరణను ఒక సిద్ధాంతంగా రాశారు.

2000లో అచ్చయిన ఇంకో పరిశోధన జంకు ఉన్నవాళ్ల గురించి కాదు, మనందరి గురించి. గిలోవిచ్, ఆయన తోటివాళ్లు కాలేజీ పిల్లలకు సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, తోటి విద్యార్థులున్న గదిలోకి పంపారు. ఎంతమంది గమనించి ఉంటారు అని అడిగితే, సగం మంది దాకా అన్నారు. నిజానికి గమనించింది నాలుగో వంతు మంది. మన మీద దీపం వెలుగుతున్నదని మనకు అనిపించినంతగా ఎవరికీ అనిపించదు. నా పక్కనాయన ఫోన్ చూసుకోవడం అందుకే.

*

ఇక్కడితో ఆపేసి "నీ భయమంతా ఊహే" అని మావాడికి చెప్పొచ్చు. చెప్పబోయాను కూడా. కాని నాకు 1921 గుర్తుకొచ్చింది.

ఆ ఏడాది నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధని థియేటర్‌లో నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి ధోండో కేశవ్ కర్వే, స్త్రీల చదువు కోసం జీవితం ధారపోసినవాడు. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో ఉపన్యాసాలు సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోయాడు. శ్రోతల్లో మరాఠీ వాళ్లు గేలి చేశారు, గోల చేశారు. మాట్లాడనివ్వలేదు. రాష్ట్రంలో సగానికి దగ్గర జనం మాట్లాడే భాషకు రాజధానిలో జరిగిన సభలో దొరికిన మర్యాద అది. అప్పటికి సర్కారు కొలువులో ఉర్దూ నడుస్తున్నది. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో చదువూ ఉర్దూలోనే. తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాష, కచేరీకి పనికిరాని భాష.

ఆ రోజు వేదిక మీద వెంకటరామారావుకు గొంతు వణికిందా లేదా అన్నది ప్రశ్నే కాదు. నవ్వినవాళ్లు నిజంగా నవ్వారు. రేపీ, లిమ్ పరిశోధనలో విన్నవాళ్లకు మాట్లాడేవాళ్ల మీద కోపమూ లేదు, చులకనా లేదు. అందుకే వాళ్ల మార్కులను కొలబద్దగా పెట్టుకోవచ్చు. వివేకవర్ధనిలో కొలబద్దే వంకర. అట్లాంటి చోట "నిన్ను ఎవరూ చూడరు, నీ భ్రమ" అనడం అబద్ధం.

ఆ నవ్వు విన్న తెలుగువాళ్లు ఏం చేశారన్నదే నన్ను ఆపింది. ఇంకా మంచి మరాఠీ, ఇంకా మంచి ఉర్దూ నేర్చుకుని వద్దామనుకోలేదు. అక్కణ్ణించి లేచిపోయి, ఆ రాత్రే కొద్దిమంది కూడి, ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. అంటే తమ మాట వినే జనాన్ని వాళ్లే తయారుచేసుకున్నారు. మాడపాటి హనుమంతరావు దాన్ని ఊరూరికీ తీసుకుపోయాడు. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది, అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. 1937లో ఆరో మహాసభ మా నిజామాబాద్‌లోనే జరిగింది. దానికి అధ్యక్షుడు మందుముల నర్సింగరావు, 'రయ్యత్' అనే ఉర్దూ పత్రిక నడిపినవాడు. ఉర్దూ రాక తెలుగు పట్టుకున్నవాడు కాదు. రెండూ వచ్చినవాడే తెలుగువాళ్ల సభకు అధ్యక్షుడిగా నిలబడ్డాడు. పదహారేళ్ల కింద గేలిపాలైన భాషకు జిల్లా కేంద్రాల్లో పందిళ్లు లేచాయి, వేల మంది కూర్చుని విన్నారు.

నవ్వు ఆగినా దాని చప్పుడు లోపల ఆగదు. ఈసారి తీర్పు బయటి భాషవాళ్లది కాదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని, ఉన్నా లెక్కలోకి రారని తెలుగులోనే ఒకాయన రాశాడు. ప్రతాపరెడ్డి 1926 నుంచి 'గోలకొండ పత్రిక' నడుపుతున్నాడు. ఆయన దానికి వాదనతో జవాబు చెప్పలేదు. ఊళ్లకు కబురు పెట్టి పద్యాలు తెప్పించి, 1934లో 'గోలకొండ కవుల సంచిక' వేశాడు. అందులో 354 మంది కవులు.

నేను ఈ సంచికను ఇప్పుడు ఇంకోరకంగా చూస్తున్నాను. "మొత్తమ్మీద మీ దగ్గర కవిత్వం లేదు" అన్నది ఒక మొత్తం తీర్పు. దానికి ప్రతాపరెడ్డి విడివిడి లెక్క ఎదురుపెట్టాడు. ఈ మనిషి, ఈ ఊరు, ఈ పద్యం. అందరూ మహాకవులేమీ కాదు. ఆ సంచిక ఆ మాట అననూ లేదు. ఉన్నది ఉన్నట్టు పేర్చి ముందు పెట్టింది, చూసుకోండి అంది. రేపీ, లిమ్ కాగితాల మీద కనిపెట్టిన సంగతిని ఆయన దాదాపు అరవై ఏళ్ల ముందే అచ్చులో చేసి చూపించాడు. కించపడ్డవాడికి పొగడ్త పనిచేయదు, పట్టిక పనిచేస్తుంది.

*

మా వైపు ఈ కథ అక్కడితో అయిపోలేదు. మంజీర మీద నిజాంసాగర్ కట్ట 1931కి పూర్తయింది. కాలువ నీళ్లు పారాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు వచ్చి బోధన్, వర్ని వైపు భూములు కొన్నారు. వాళ్ల ఊళ్లకు ఇప్పటికీ క్యాంపులనే పేరు. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. చెరకు బండ్లు నడిచాయి, పనికి నలుదిక్కుల నుంచి జనం వచ్చారు. వాళ్లు కష్టజీవులు, మాకు నాటు కొత్త పద్ధతులూ నేర్పారు. వాళ్లను అనేదేమీ లేదు. అయితే బళ్లో ఒకే బెంచీ మీద రెండు తెలుగులు కూర్చున్నాయి. ఒకటి పుస్తకంలో ఉన్న తెలుగుకు దగ్గర. ఇంకొకటి "వచ్చిన్రు, పోయిన్రు, గిట్ల, గట్ల."

ఎవరూ తిట్టకపోయినా పిల్లకు తెలిసిపోతుంది. సినిమాకు పోతే అక్కడ మన మాట మాట్లాడేది రౌడీ, లేకపోతే నవ్వించేవాడు. దాంతో నోట్లో వాక్యం రెండుసార్లు తిరుగుతుంది. మొదట తన మాటలో పుడుతుంది, తర్వాత పుస్తకం మాటలోకి మారుతుంది, ఆ తర్వాతే బయటికొస్తుంది. నాకు ఇంటర్ దాకా ఇదే పని. ఎదుటివాడు ఏమంటున్నాడో వినడానికి ధ్యాస మిగిలేది కాదు, అంతా నా నోటి మీదే. 1921లో బయటి నుంచి వచ్చిన నవ్వు మా తరానికి వచ్చేసరికి లోపల కుర్చీ వేసుకుని కూర్చుంది. బయట నవ్వేవాళ్లు లేని రోజు కూడా అది నవ్వుతూనే ఉంటుంది.

2014 తర్వాత కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. సినిమాల్లో హీరోలూ మా యాసలో మాట్లాడుతున్నారు. కొలబద్ద కొంత సరయిందనే అనుకుంటాను. మావాడి తరానికి యాస గురించిన సిగ్గు నాకున్నంత లేదు. వాడికి ఇప్పుడు ఇంగ్లీషు గురించిన సిగ్గు ఉంది. కుర్చీ అదే, కూర్చున్నది వేరే.

కాబట్టి ఎవరైనా "అందరు నవ్విన్రు" అంటే రెండు ప్రశ్నలు అడగాలని నాకు తోచింది. నిజంగా నవ్వారా? నవ్వితే, ఆ నవ్వినవాళ్ల చేతిలో ఉన్నది సరైన కొలబద్దేనా? మొదటిదానికి జవాబు 'లేదు' అయితే మనిషికి తన మాట తనకు బయటి నుంచి చూపించాలి. 'అవును' అయితే మనిషిని సరిచేయడం కాదు, సభను మార్చాలి. అప్పటి పెద్దలు రెండో పని చేశారు. నేను పన్నెండో తరగతి దాకా సభ మారాల్సిన చోట నన్నే సరిచేసుకుంటూ కూర్చున్నాను.

మావాడి విషయంలో జవాబు మొదటిదే. ఆ రోజు సభను ఎవరో ఫోన్‌లో తీశారు. చూపిస్తానంటే వాడు ముఖం తిప్పుకున్నాడు. పరిశోధకులు వీడియో చూపించే ముందు ఒక పని చేయిస్తారు. ఏం కనపడుతుందనుకుంటున్నావో ముందే వివరంగా చెప్పమంటారు, తర్వాత ఎవరో పరాయివాణ్ణి చూస్తున్నట్టు చూడమంటారు. అట్లా చేయకపోతే మనిషి వీడియోలో కూడా తన గుండె దడనే చూస్తాడు. నేనూ వాణ్ణి అదే అడిగాను.

"ఏం కనవడ్తది?"

"కాళ్లు వణుకుడు. మధ్యల శానసేపు ఆగుడు."

కాగితం మీద రాసి పెట్టాను. చూశాం. ప్యాంటు లోపల కాళ్లు వణికాయో లేదో కెమెరాకు అందలేదు. చానాసేపు ఆగింది నిజమే, వాడు లెక్కపెట్టాడు, మూడు సెకన్లు. శాలువా కప్పేటప్పుడు సారు కళ్లు తుడుచుకున్నాడు. అది మావాడు ఆ రోజు చూడనే లేదు. వీడియోను వెనక్కి జరిపి అక్కడే రెండుసార్లు చూశాడు. ఒక మాట నిజంగానే తప్పు పలికాడు, దాన్ని నేను కాదనలేదు.

హైదరాబాద్ ఇంటర్వ్యూకు పోయాడు. తిరిగొచ్చిన రోజు బస్టాండుకు బండి తీసుకుని పోయాను. ఎట్లయింది అని నోటిదాకా వచ్చింది. అడిగితే "ఖరాబ్" అంటాడని తెలుసు. మింగేసి, "ఏమేం అడిగిన్రు?" అన్నాను. నిజామాబాద్ నుంచి మాక్లూర్ దాకా వెనక కూర్చుని ఒక్కొక్క ప్రశ్నా, తను చెప్పిన ఒక్కొక్క జవాబూ చెప్పుకుంటూ వచ్చాడు. బండి చప్పుడులో సగం వినబడలేదు. అయినా ఆపమనలేదు.